వరద నీట మునిగిన వాషింగ్ మెషీన్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. 2017 దసరాకు కొన్న 7 కిలోల ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ 2024 సెప్టెంబరులో వచ్చిన బుడమేరు వరదలో మూడొంతులు మునిగింది. నీరు తీశాక కంపెనీ మెకానిక్ వచ్చి బోర్డు, డోర్ లాక్ మార్చి నడిపించారు. ఏడాదికి పైగా బాగానే పనిచేసింది. ఇప్పుడు బట్టలు పిండే సమయంలో పక్క గదిలో మాట వినపడనంతగా గరగర చప్పుడు వస్తోంది. తెల్ల చొక్కాల మీద గోధుమరంగు మరకలు కూడా పడుతున్నాయి. బేరింగులు పోయాయి, టబ్బు మొత్తం మార్చాలి, 11,800 రూపాయలవుతుంది అని కంపెనీ మెకానిక్ చెప్పారు. మా వీధి మెకానిక్ 3,500కే బేరింగులు మారుస్తానంటున్నాడు. మావారు కొత్తది కొనేద్దామంటున్నారు. షోరూములో అదే సైజుది 28,000 చెప్పి, పాతదానికి 2,000 ఎక్స్‌ఛేంజ్ ఇస్తామన్నారు. మా అత్తగారు సెమీ ఆటోమేటిక్ చాలంటున్నారు. వరద సాయంగా వచ్చిన 25,000 అప్పట్లోనే ఫ్రిజ్జుకూ పరుపులకూ అయిపోయింది. ఏం చేయమంటారు? ఆ మరకలు పోయే దారి కూడా చెప్పగలరు. – ఒక గృహిణి, విజయవాడ

సమాధానం:

ఒక విషయం ఇప్పుడే తేల్చి చెప్పవచ్చునండీ: 11,800 రూపాయల మరమ్మతు మాత్రం చేయించకండి. ఇక మిగిలినవి 3,500 రూపాయల మరమ్మతు, కొత్త యంత్రం. ఈ రెండింటిలో ఏది సరైనదో యంత్రాన్ని విప్పి డ్రమ్ము వెనుక భాగాన్ని కళ్లారా చూశాకే నిర్ణయించాలి. ఏం చూడాలో వివరిస్తాను. అంతకు ముందు, ఒకే లోపానికి ఇద్దరు మెకానిక్‌లు ఇంత తేడాగా ఎందుకు చెప్పారో తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే నాకు తోచినంతలో ఇద్దరిలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయడం లేదు.

ఫ్రంట్ లోడ్ యంత్రంలో బట్టలు వేసే స్టీలు డ్రమ్ము, దాని చుట్టూ నీరు నిలిచే ప్లాస్టిక్ టబ్బు వేర్వేరుగా ఉంటాయి. డ్రమ్ముకు వెనుక ఉన్న ఇరుసు టబ్బు గోడ గుండా బయటకు వస్తుంది. ఆ గోడలోనే ముందొకటి, వెనుకొకటిగా రెండు బేరింగులు, లోపలి నీరు వాటి మీదకు రాకుండా ఒక రబ్బరు సీలు అమర్చి ఉంటాయి. ఈ మూడు వస్తువుల ఖరీదు పెద్దదేమీ కాదు. కష్టమంతా వాటి దాకా చేరడంలో ఉంది. పై మూత, ముందరి రబ్బరు, కాంక్రీటు దిమ్మెలు, హీటరు, మోటారు, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఒక్కొక్కటే విప్పి, టబ్బును బయటకు తీసి, దాన్ని రెండు సగాలుగా విడదీస్తే తప్ప బేరింగు చేతికి రాదు. ఇదంతా విప్పి తిరిగి బిగించేసరికి చేయి తిరిగిన మెకానిక్‌కు కూడా సగం రోజు పడుతుంది. కంపెనీ వారు ఆ విడదీసే పని పెట్టుకోకుండా బేరింగులతో సహా సిద్ధంగా వచ్చే టబ్బును బిగించి, దానికి హామీ ఇచ్చి వెళతారు. పైగా చాలా మోడళ్లలో టబ్బు రెండు సగాలనూ కర్మాగారంలోనే వెల్డింగ్ చేసి అతికించేస్తారు కాబట్టి, టబ్బు మార్చడం తప్ప కంపెనీ పద్ధతిలో వేరే మార్గం ఉండదు. వీధి మెకానిక్ అయితే ఆ అతుకును రంపంతో కోసి, బేరింగులు మార్చి, స్క్రూలూ సిలికానూ పెట్టి మళ్లీ మూసేస్తాడు. సగాలు బోల్టులతో బిగించిన టబ్బు అయితే ఆ కోత అవసరమే లేదు, పని శుభ్రంగా అవుతుంది. అందువల్ల మీ వీధి మెకానిక్‌ను అడగవలసిన మొదటి ప్రశ్న, మీ మోడల్ టబ్బు బోల్టులదా, అతికించినదా అని.

మీ యంత్రం మామూలుగా పాతబడి పాడైన యంత్రం కాదు. సాధారణంగా సీలు అరిగి, సబ్బు నీరు లోపలి వైపు నుంచి మెల్లగా బేరింగులోకి దిగుతుంది. వరదలో మాత్రం ఒండ్రు కలిసిన నీరు వెనుక నుంచి, అంటే ఏ రక్షణా లేని వైపు నుంచి వచ్చి బయటి బేరింగును ముంచేసి ఉంటుంది. అలా తడిసిన బేరింగు మర్నాడే పాడైపోదు. అందులోని గ్రీజు నీటితో కలిసి పలచబడి, గోళీల మీద సన్నని తుప్పు గుంటలు పడి, అవి తిరిగిన కొద్దీ పెద్దవై, నెలల తర్వాత చప్పుడుగా బయటపడుతుంది. మీ యంత్రం ఏడాదికి పైగా బాగా నడిచి ఇప్పుడు అరవడం ఈ క్రమానికి సరిగ్గా సరిపోతోంది. చొక్కాల మీది గోధుమరంగు మరకలు తుప్పూ గ్రీజూ సీలు దాటి డ్రమ్ములోకి వస్తున్నాయనడానికి గుర్తు కాబట్టి, సీలు కూడా పోయిందని ఖాయంగా అనుకోవచ్చు. అంటే 3,500లో రెండు బేరింగులతో పాటు కొత్త సీలు కూడా కలిసి ఉండాలి. ఒక్క బేరింగే మార్చి సరిపెడతానంటే ఆ బేరం వద్దు.

మెకానిక్ రాకముందే మీరు ఇంట్లో చేయగల పరీక్ష ఒకటి ఉంది. ప్లగ్గు తీసేసి, తలుపు తెరిచి, డ్రమ్ము పై అంచును లోపలి నుంచి పట్టుకొని పైకీ కిందికీ కదపండి. డ్రమ్మూ టబ్బూ కలిసి స్ప్రింగుల మీద ఊగితే అది సహజమే. టబ్బు కదలకుండా డ్రమ్ము ఒక్కటే టక్కుమంటూ ఆడితే బేరింగు వదులైనట్టు. తర్వాత ఖాళీ డ్రమ్మును చేత్తో నెమ్మదిగా తిప్పుతూ వినండి. గరగర ఎక్కడా ఆగకుండా ఒకే తీరుగా వస్తుంటే అది బేరింగు చప్పుడే. అలా కాక చుట్టుకు ఒక్కసారి మాత్రమే టక్కుమంటున్నా, డ్రమ్ము అంచు తలుపు రబ్బరుకు ఒకవైపు దగ్గరగానూ మరోవైపు దూరంగానూ తిరుగుతున్నా విషయం మరింత ముదిరిందని అర్థం. వెనుక రేకు స్క్రూలు విప్పగలిగితే, బెల్టు ఉన్న మోడల్‌లో పెద్ద పుల్లీ కనిపిస్తుంది. దాని మధ్య నుంచి టబ్బు ప్లాస్టిక్ మీదుగా కిందికి జారిన ఎర్రటి తుప్పు చారలు కూడా కనిపిస్తాయి. చారలు లేకపోతే సంతోషించవలసిందే కానీ, మీరు రాసిన లక్షణాలను బట్టి ఉంటాయనే అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు చూడవలసిన భాగం. డ్రమ్ము వెనుక సీలింగ్ ఫ్యాను రెక్కల్లా మూడు చేతులున్న ఒక అల్యూమినియం పోత ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని స్పైడర్ అంటారు. డ్రమ్మును ఇరుసుకు పట్టి ఉంచేది ఇదే. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగే తడి బట్టల బరువంతా దీని మీదే పడుతుంది. స్టీలు డ్రమ్ముకు తుప్పు పట్టదు కానీ, క్షారగుణం గల డిటర్జెంటు, నీటిలోని లవణాలు, పూర్తిగా ఎప్పుడూ ఆరని తడి కలిసి ఈ అల్యూమినియాన్ని ఏళ్ల తరబడి తింటాయి. మీ ఇంట్లో మునిసిపల్ కుళాయిలో వచ్చే కృష్ణ నీటితోనే ఉతికారా, ఎక్కువగా బోరు నీటితో ఉతికారా అన్నది ఇక్కడ పనికివచ్చే సమాచారం. బకెట్ల మీద తెల్లటి పొర కట్టే బోరు నీరు వాడిన ఇళ్లలో హీటరు మీద గట్టి పెచ్చు కడుతుంది, డిటర్జెంటు కూడా ఎక్కువ పోయవలసి వస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన యంత్రంలో స్పైడర్ మీద కొంత తెల్లటి బూజులాంటి పొడి ఉండటం మామూలే. దాన్ని గీకితే కింద గట్టి లోహం తగలాలి. స్క్రూడ్రైవరు మొనతో గుచ్చితే పెచ్చులు ఊడినా, చేతుల మొదట్లో గుంటలు గానీ చీలిక గానీ కనిపించినా ఇక ఆ యంత్రం మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. స్పైడర్ సాధారణంగా డ్రమ్ముతో కలిపే వస్తుంది కాబట్టి ఖర్చు మళ్లీ పది వేల దగ్గరకు చేరుతుంది. అలాగని మార్చకుండా నడిపితే, అది పిండే వేగంలో విరిగిన రోజున డ్రమ్ము టబ్బును బద్దలు కొట్టగలదు.

స్పైడర్ గట్టిగా ఉంటే చూడవలసింది ఇరుసు. సీలు పెదవి ఆనే చోట ఇరుసు నున్నగా ఉండాలి. అక్కడ గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు తట్టుకునేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా కొద్ది నెలల్లోనే కారడం మొదలుపెడుతుంది. ఈ రెండు పరీక్షలనూ మీ ఎదుటే చేయించండి. టబ్బు విప్పి చూసినందుకు ఎంత, చూశాక వద్దనుకుంటే ఎంత ఇవ్వాలి అన్నది పని మొదలుపెట్టకముందే మాట్లాడుకోండి. విప్పిన పనికి కూలి అడగడం న్యాయమే. విప్పాక బేరం మార్చడమే న్యాయం కాదు.

డబ్బు లెక్కకు వద్దాం. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటకపోతే చేయించవచ్చని చాలామంది చెబుతారు. ఆ లెక్కన 28,000లో సగం కంటే 11,800 తక్కువే కాబట్టి చేయించమనాలి. నేను ఒప్పుకోను. పెట్టిన డబ్బు ఎన్నేళ్ల సేవను కొంటోంది అన్నది ఆ సూత్రంలో లేదు. ఎక్స్‌ఛేంజ్ పోను కొత్త యంత్రం మీకు 26,000 పడుతుంది. తొమ్మిదేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి సుమారు 2,900. ఈ లెక్కన 11,800 గిట్టుబాటు కావాలంటే మీ పాత యంత్రం ఇంకో నాలుగేళ్లు వేరే ఖర్చు లేకుండా నడవాలి. అదే 3,500 గిట్టుబాటు కావడానికి పద్నాలుగు పదిహేను నెలలు నడిస్తే చాలు. స్పైడరూ ఇరుసూ బాగుండి, టబ్బు బోల్టులదై ఉంటే, ఆ మాత్రం నడవగలదని నేను నమ్ముతాను. అతికించిన టబ్బును కోసి చేసే పని అయితే నాకంత నమ్మకం లేదు. సిలికాన్ పెట్టిన అతుకు ఎప్పుడు కారుతుందో చెప్పలేము, కారిన నీరు కిందనున్న మోటారు మీదకో వైర్ల మీదకో చేరుతుంది.

నాలుగేళ్ల హామీ మీ యంత్రానికి ఎవరూ ఇవ్వలేరనడానికి వరదే కారణం. కొత్త టబ్బు వేసినా మిగిలినవన్నీ అదే బురద నీరు తాగినవి. వైర్ల చివర్లలోని రాగి కొసలు పచ్చబడి ఉండవచ్చు, మోటారు బేరింగుల్లోనూ ఇదే తుప్పు కథ మొదలై ఉండవచ్చు. అప్పుడు మార్చిన బోర్డు కొత్తదే అయినా, దానికి వచ్చే తీగలు పాతవే. కాబట్టి ఏ దారి ఎంచుకున్నా ఒక పని ముందుగా చేయించండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ప్లగ్ పాయింటుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో, యంత్రం నుంచి కరెంటు లీకవుతోందో లేదో మీటరు పెట్టి చూపించుకోండి. తడి చేత్తో ముట్టుకున్నప్పుడు ఎప్పుడైనా జిల్లుమని ఉంటే అది తేలే దాకా యంత్రం వాడకండి. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, లేకపోతే పెట్టించుకోవడం మేలు. వరదలో తడిసిన గోడల్లోని వైరింగుకు కూడా అదే రక్షణ.

ఇక మీ అత్తగారి మాటను తేలిగ్గా తీసేయవలసిన పని లేదు. సెమీ ఆటోమేటిక్ ధర ఫ్రంట్ లోడ్ ధరలో సగానికంటే తక్కువ. లోపల బోర్డు గానీ ఎలక్ట్రానిక్స్ గానీ దాదాపు ఉండవు కాబట్టి వీధి చివరి మెకానిక్ కూడా బాగు చేస్తాడు. కుళాయిలో నీరు లేని పూట బకెట్లతో పోసుకోవచ్చు. అయితే తడి బట్టలను ఉతికే టబ్బు నుంచి తీసి పిండే టబ్బులో వేయాలి, నీరు పట్టాలి, వదలాలి. ఆ పని ఇంట్లో ఎవరి మీద పడుతుందో వారే ఈ మాట తేల్చాలి. మీ మీదే పడేటట్టయితే, ఇన్నేళ్లు ఫ్రంట్ లోడ్‌కు అలవాటుపడిన మీకు అది విసుగు పుట్టించవచ్చు.

కొత్త ఫ్రంట్ లోడ్ వైపే మొగ్గితే, బందరు రోడ్డులోనో ఏలూరు రోడ్డులోనో కొనేటప్పుడు వినబడే కొన్ని మాటలను ఆచితూచి తీసుకోండి. జీఎస్టీ తగ్గింది కాబట్టి ఇదే అదను అంటారు. 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి తగ్గినవి ఏసీలు, డిష్‌వాషర్లు, పెద్ద టీవీలు. వాషింగ్ మెషీన్ల మీద 2018 జులై నుంచీ 18 శాతమే ఉంది. పదేళ్ల వారంటీ అంటారు. అది సాధారణంగా మోటారుకు మాత్రమే వర్తిస్తుంది, బోర్డుకూ బేరింగులకూ కాదు, వరద నష్టానికి అసలే కాదు. కరెంటు ఆదా అంటారు. వాషింగ్ మెషీన్‌లో ఎక్కువ కరెంటు తినేది నీళ్లు కాచే హీటరు. మీరు చన్నీళ్లతోనే ఉతుకుతుంటే పాతదానికీ కొత్తదానికీ బిల్లులో కనిపించేంత తేడా ఉండదు. ఎక్స్‌ఛేంజ్ లేకుండా ఎంతకిస్తారని ముందుగా అడిగి, ఆ తర్వాతే పాత యంత్రం సంగతి ఎత్తండి. చాలాసార్లు ఆ 2,000 పాతదాని విలువ కాదు, ఎవరు అడిగినా ఇచ్చే తగ్గింపే. బిగించడానికి వచ్చినప్పుడు రవాణాలో డ్రమ్ము ఊగకుండా వెనుక బిగించే ట్రాన్సిట్ బోల్టులు తీశారో లేదో చూసుకోండి. అవి తీయకుండా తిప్పితే కొత్త యంత్రం మొదటి రోజే ఇల్లంతా నడుస్తుంది. కింది అంతస్తులోనే ఉంటున్నారు కాబట్టి వీలైతే మేడ మెట్ల మలుపులోనో, ఎత్తయిన సిమెంటు దిమ్మె మీదో పెట్టించండి. 2024 నాటి నీటికి దిమ్మె సరిపోకపోవచ్చు, మామూలు వాన నీటికి సరిపోతుంది.

మరమ్మతు వైపే మొగ్గితే, మార్చిన భాగాల పేర్లు, ధరలు, కనీసం మూడు నెలల హామీ బిల్లు మీద రాయించుకొని, తీసేసిన పాత బేరింగులను తీసుకోండి. తలుపు చట్రం మీద అతికించిన స్టిక్కరులో మోడల్ నంబరు ఉంటుంది. అది చెప్పి కంపెనీ కస్టమర్ కేర్‌లో బేరింగు, సీలు, టబ్బు ధరలు విడివిడిగా అడిగితే, మెకానిక్ చెప్పిన దానిలో సామాను ఎంతో, కూలి ఎంతో తేలిపోతుంది. బిల్లు విషయంలో అన్యాయం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

యంత్రాన్ని వదిలించుకోవలసి వస్తే, ఎక్స్‌ఛేంజ్‌కు ఇవ్వడం, పాత ఇనుప సామాన్ల వారికి అమ్మడం అని రెండు మార్గాలున్నాయి. రెండో దానిలో కిలో లెక్కన ఆశపడకండి. అరవై కిలోల పైచిలుకు బరువులో పెద్ద భాగం ఊగిపోకుండా పెట్టిన కాంక్రీటు దిమ్మెలదే, దాన్ని కొనేవారు ముందే తీసేసి తూస్తారు. లోపలి స్టీలు డ్రమ్ముకు మాత్రం ధర పలుకుతుంది. తుప్పు పట్టనిది కాబట్టి మేడ మీద మొక్కలకో, చలికాలంలో నెగడుకో ఉంచుకునేవారూ ఉన్నారు.

ఏదీ తేలే దాకా యంత్రాన్ని నడపక తప్పకపోతే, తక్కువ బట్టలు వేసి, పిండే వేగాన్ని 400కు తగ్గించి, దగ్గర మనిషి ఉన్నప్పుడే నడపండి. కింద నీటి చుక్కలు కనిపించిన రోజున మాత్రం ఆపేయండి.

చొక్కాల మరకలకు బ్లీచింగ్ పౌడరు గానీ క్లోరిన్ బ్లీచ్ గానీ వాడవద్దు. తుప్పు మరకను అది ఇంకా గట్టిపరుస్తుంది. ఆ మరకలో గ్రీజు కూడా ఉంది కాబట్టి ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రాసి పావుగంట నాననిచ్చి గోరువెచ్చని నీటితో కడగండి. మిగిలిన గోధుమరంగు మీద నిమ్మరసం పిండి, కాస్త ఉప్పు చల్లి, తెల్ల నూలు బట్ట అయితే ఎండలో ఆరబెట్టి, తర్వాత బాగా జాడించండి. ఒకసారికి పోకపోతే మళ్లీ చేయండి. రంగు బట్టలైతే కనపడని మూల ఒకచోట రాసి చూశాకే మరక మీద వేయండి. మరక పూర్తిగా పోకుండా ఇస్త్రీ మాత్రం చేయకండి.